క్యాప్ స్పేస్ ఎవరి కోసం? డెట్రాయిట్ మీద ఒక సంవాదం

డెట్రాయిట్ చుట్టూ ట్రాయ్, నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ ఊళ్ళలో తెలుగు కుటుంబాలు చాలాకాలంగా స్థిరపడి ఉన్నాయి. కార్ల పరిశ్రమలో ఉద్యోగాలకని వచ్చి ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు ఎందరో. వాళ్ళలో కొందరికి క్రికెట్ ఎంతో, పిస్టన్స్ బాస్కెట్‌బాల్ జట్టూ అంతే. ఈ సంవాదంలో మాట్లాడేవాళ్ళు ఇద్దరూ అలాంటివాళ్ళే. మావయ్య 2004 ఛాంపియన్‌షిప్ నాటి నుంచీ జట్టును చూస్తున్నాడు. అల్లుడు 2023లో పై చదువుకు వచ్చాడు. వచ్చిన ఏడాదే జట్టు వరసగా 28 ఆటలు ఓడింది. అతను ఆట నేర్చుకున్నది ఆ ఓటములు చూస్తూనే. కాలం 2025 జూన్ చివరి వారం. ఓక్లహామా సిటీ కొత్తగా కప్పు గెలిచింది. జూన్ 30 సాయంత్రం కాంట్రాక్టు తీరిన ఆటగాళ్ళ (ఫ్రీ ఏజెంట్ల) బేరాలు మొదలవుతాయి.

మావయ్య: నిరుడు జూలైలో టొబయస్ హారిస్‌ని తెచ్చారని నువ్వు ఎగిరి గంతేశావు. నేను ఆ రోజే వద్దన్నాను. ఇప్పుడూ అదే మాట మీద ఉన్నాను.

అల్లుడు: 44 ఆటలు గెలిచాక కూడానా, మావయ్యా? ముందటేడు 14 గెలిచి 68 ఓడిన జట్టు ఇది. మూడింతలు దాటి గెలిచాం.

మావయ్య: గెలిచాం, కాదనను. కానీ ఆ క్యాప్ స్పేస్‌తో ఇంకేం చేయొచ్చో ఎవరైనా ఆలోచించారా? ముప్ఫై రెండేళ్ళవాడికి రెండేళ్ళకు 5 కోట్ల 20 లక్షల డాలర్లు. ఫిలడెల్ఫియాలో జనం పొమ్మన్న మనిషి. అక్కడ ఆఖరి ఆటలో, 2024 ప్లేఆఫ్స్‌లో న్యూయార్క్ మీద, ఒక్క పాయింటు కూడా వేయలేదు. ఆ ఆట అయిన రెండు నెలలకే మనవాళ్ళు చెక్కు రాశారు.

అల్లుడు: ఫిలడెల్ఫియా అతనికిచ్చింది ఐదేళ్ళకు 18 కోట్లు. చివరి ఏడాది ఒక్కదానికే దాదాపు 4 కోట్లు. ఆ జీతం అందుకుంటూ సున్నా వేస్తే ఏ ఊరివాళ్ళైనా అరుస్తారు. మనం ఇచ్చింది రెండేళ్ళు. మనిషి అతనే, కాంట్రాక్టు వేరు.

చదివేవారి కోసం ఇక్కడ కొంచెం ఆగాలి. ఎన్‌బీఏలో ఒక జట్టు జీతాల మొత్తానికి ఏటా ఒక పరిమితి పెడతారు. అదే సాలరీ క్యాప్. 2024-25లో అది 14 కోట్ల 5 లక్షల 88 వేల డాలర్లు. దీన్ని అసలు దాటకూడదని కాదు. సొంత ఆటగాళ్ళను మళ్ళీ తీసుకోవడానికి దాటవచ్చు. ఇంకా పైకి పోతే పన్ను పడుతుంది, ఆపైన ఏప్రన్ అనే రెండు గీతలున్నాయి, వాటిని దాటితే బేరాలాడే దారులు ఒక్కొక్కటే మూసేస్తారు. అయితే బయటి ఆటగాడికి పెద్ద జీతం ఇవ్వాలంటేనో, మరో జట్టు నుంచి ఒకరిని తీసుకుని బదులుగా అంత జీతం పంపకుండా ఉండాలంటేనో పరిమితి కింద ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ పేరే క్యాప్ స్పేస్. కింద కూడా ఒక గీత ఉంది. పరిమితిలో కనీసం 90 శాతం ఖర్చు పెట్టాలి. లీగు ఆటగాళ్ళ సంఘంతో 2023లో చేసుకున్న ఒప్పందం ప్రకారం సీజన్ మొదలయ్యే రోజుకే ఆ గీత చేరాలి. లేకపోతే ఇతర జట్లు కట్టిన పన్నులోంచి పంచే వాటా పోతుంది.

మావయ్య: ఖాళీ ఉంది కదా అని నింపేయాలా? ఓక్లహామా సిటీని చూడు. 22 గెలుపులు, తర్వాత 24. రెండేళ్ళు నోరు మూసుకుని ఓడారు. ఎవరికైనా బరువైన కాంట్రాక్టు వదిలించుకోవాలని ఉంటే నెత్తినెత్తుకున్నారు, దానికి కూలీగా డ్రాఫ్ట్ పిక్కులు, అంటే కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే వంతులు, పుచ్చుకున్నారు. 2020లో ఫిలడెల్ఫియా అల్ హోర్ఫర్డ్‌ని వదిలించుకోవడానికి ఫస్ట్ రౌండ్ పిక్కు కలిపి ఇచ్చింది. అలా ఒక్కొక్కటీ కూడబెట్టారు. నిరుడు 57, ఈ ఏడాది 68 గెలుపులు, కప్పు. నీ హారిస్ ఇస్తాడా ఇది?

అల్లుడు: ఆ హోర్ఫర్డ్ పిక్కు సంగతి పూర్తిగా చెప్పండి. అది 2025 డ్రాఫ్ట్‌ది. మొదటి ఆరులో పడితే ఫిలడెల్ఫియాకే ఉండిపోతుందని షరతు. మొన్న ఆ వంతుల వరస తేల్చే లాటరీలో మూడో స్థానం వచ్చింది. కాబట్టి ఫిలడెల్ఫియాకే ఉండిపోయింది. నాలుగేళ్ళు దాటినా ఆ కూలీ ఓక్లహామా చేతికి ఇంకా రాలేదు.

మావయ్య: ఒకటి రాకపోతే పది వచ్చాయి వాళ్ళకి.

అల్లుడు: వచ్చాయి. కాదనను. కానీ వాళ్ళు కప్పు గెలిచిన ఏడాదికి ముందు వేసవిలో ఏం చేశారు? క్యాప్ స్పేస్‌తో ఐజయా హార్టెన్‌స్టైన్‌ని తెచ్చుకున్నారు. మూడేళ్ళకు 8 కోట్ల 70 లక్షలు. 30 ఏళ్ళ అలెక్స్ కరూసోని ట్రేడ్‌లో తెచ్చుకున్నారు. పిక్కులు కూడబెట్టారని మీరంటున్న జట్టు కూడా, కుర్రాళ్ళు సిద్ధమయ్యారని తెలియగానే లీగులో నలిగినవాళ్ళను డబ్బు పెట్టి తెచ్చుకుంది. మీరు మొదటి సగమే చెప్పి ఆపేస్తున్నారు.

మావయ్య: వాళ్ళ కుర్రాళ్ళు సిద్ధమయ్యారు. మనవాళ్ళు సిద్ధమయ్యారని 14 గెలుపుల జట్టును చూసి ఎవరు చెప్పారు?

అల్లుడు: కేడ్ కనింగ్‌హామ్ ఆట చెప్పింది. 2023 డిసెంబరు 26న, వరసగా 27వది ఓడిన రోజు, అతను 41 పాయింట్లు వేశాడు. స్టేడియంలో జనం జట్టును అమ్మేయమని యజమాని మీద అరుస్తున్నారు, అతను ఒక్కడూ ఆడుతున్నాడు. ఆ ఏడాది ఆటలు నేను ఒక్కటీ వదల్లేదు. అతను బంతి పట్టుకుని లోపలికి వెళ్ళగానే అవతలి జట్టువాళ్ళు ముగ్గురు మీద పడేవాళ్ళు. బయట నిలబడ్డవాడికి పాస్ ఇచ్చినా అది పడదని వాళ్ళకి తెలుసు, అందుకే వదిలేసేవాళ్ళు. ఆట రానివాడై ఓడిపోలేదు మావయ్యా, పక్కన దూరం నుంచి వేసేవాడు లేక ఓడిపోయాడు. నిరుడు వేసవిలో జట్టు వ్యవహారాలు చూడటానికి లాంగ్డన్ వచ్చి చేసిన పని ఆ లోటు తీర్చడమే. 60 లక్షలకు ఒక ఏడాదికి మలిక్ బీస్లీ. డాలస్ నుంచి టిమ్ హార్డవే జూనియర్. హారిస్. ముగ్గురూ దూరం నుంచి వేసేవాళ్ళే. బీస్లీ ఒక్కడే 319 త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వేశాడు, లీగ్ మొత్తంలో రెండో స్థానం. కేడ్ 22.7 నుంచి 26.1 పాయింట్లకు, 7.5 నుంచి 9.1 అసిస్టులకు పెరిగాడు. దానికి కారణం వాళ్ళు ఖాళీ చేసి ఇచ్చిన జాగా.

మావయ్య: కోచ్ కూడా మారాడు కదరా. మాంటీ విలియమ్స్‌కి ఆరేళ్ళకు 7 కోట్ల 85 లక్షల కాంట్రాక్టు ఇచ్చి ఏడాదికే పంపేశారు. బికర్‌స్టాఫ్ వచ్చాడు. ఆ గెలుపులన్నీ సీనియర్ల ఖాతాలో వేసేయకు.

అల్లుడు: వేయను. కానీ కోచ్ ఎంత మంచివాడైనా త్రీలు తను వేయడు కదా.

మావయ్య: సరే. ఇప్పుడు నా మాట విను. నేను ఇదంతా ఒకసారి చూశాను, రెండోసారీ చూశాను. 2008 నవంబరులో చాన్సీ బిలప్స్‌ని పంపేసి ఐవర్సన్‌ని తెచ్చారు. ఎందుకంటే అతని కాంట్రాక్టు ఏడాదిలో తీరిపోతుంది, వేసవికి క్యాప్ స్పేస్ వస్తుంది అని. ఛాంపియన్ జట్టుకు నాయకుడైనవాణ్ణి ఖాళీ కోసం ఇచ్చేశారు. ఆ ఖాళీతో 2009లో ఎవర్ని కొన్నారు? బెన్ గోర్డన్, చార్లీ విల్లన్యూవా. ఇద్దరికీ ఐదేసి సంవత్సరాలు. ఆ మొదటి ఏడాదే 27 గెలుపులు, 55 ఓటములు. మూడేళ్ళకు గోర్డన్‌ని వదిలించుకోవడానికి షార్లెట్‌కి ఫస్ట్ రౌండ్ పిక్కు కలిపి ఇచ్చారు. ఆ పిక్కు 2014లో తొమ్మిదో స్థానంలో పడింది. అంటే డబ్బూ పోయింది, దాన్ని పోగొట్టుకున్నందుకు పిక్కూ పోయింది.

అల్లుడు: అది నాకు తెలుసు, మావయ్యా.

మావయ్య: తెలుసనుకుంటున్నావు. ఇంకా ఉంది. 2013లో మళ్ళీ ఖాళీ వచ్చింది. జాష్ స్మిత్‌కి నాలుగేళ్ళకు 5 కోట్ల 40 లక్షలు. అప్పటికే మనకి లోపల ఆడే పొడుగువాళ్ళు డ్రమండ్, మన్రో ఇద్దరున్నారు. మూడోవాణ్ణి తెచ్చి బయట నిలబెట్టారు. వాడు బయట నుంచి నాలుగు వేస్తే ఒకటి పడేది. 2014 డిసెంబరులో జట్టు 5 గెలిచి 23 ఓడి ఉంది, అప్పుడు స్మిత్‌ని ఊరికే వదిలేశారు. ఊరికే అంటే ఊరికే కాదు. మిగిలిన జీతాన్ని ఏళ్ళ మీద సాగదీశారు. 2019-20 దాకా ఏటా 50 లక్షల డాలర్లకు పైగా మన క్యాప్‌లో అతని పేరు కూర్చుని ఉంది. మన జట్టులో లేని మనిషికి ఐదేళ్ళు చోటు పెట్టాం. ఆ తర్వాత ఏ వేసవిలో క్యాప్ స్పేస్ అనే మాట విన్నా నాకు గుండెల్లో రాయి పడినట్టే ఉంటుంది. 2004లో బిలప్స్, బెన్ వాలెస్, రషీద్ వాలెస్‌లతో లేకర్స్‌ని 4-1తో కొట్టిన జట్టు, ఖాళీ చూసి ఆశపడి పదేళ్ళు పోగొట్టుకుంది.

మావయ్య చెప్పినవన్నీ నిజాలే. ఆ పదేళ్ళు చూసినవారికి ఆ భయం ఉండాలి కూడా. అయితే గోర్డన్, విల్లన్యూవా, స్మిత్ పేర్ల పక్కన ఇంకో అంకె పెట్టి చూస్తే కథ మారుతుంది. అల్లుడు ఎత్తుకున్నది అదే.

అల్లుడు: వాళ్ళ వయసులు చెప్పండి.

మావయ్య: ఎవరివి?

అల్లుడు: 2009లో గోర్డన్‌కి 26. విల్లన్యూవాకి 24. 2013లో స్మిత్‌కి 27. వీళ్ళు సీనియర్లు కారు, మావయ్యా. మంచి వయసులో ఉన్నవాళ్ళు. మీరు వద్దంటున్నది సీనియర్లను, మిమ్మల్ని దెబ్బ తీసింది మాత్రం వయసులో ఉన్నవాళ్ళు. వయసులో ఉన్నవాడి దగ్గరికి వెళ్తే ఐదేళ్ళు అడుగుతాడు, ఎందుకంటే పక్క జట్టు కూడా ఐదేళ్ళు ఇస్తానంటుంది. 32 దాటినవాడికి అలా అడిగే జోరు ఉండదు. రెండేళ్ళకు సరే అంటాడు, కాస్త ఎక్కువ డబ్బు ఇస్తే చాలు. బరువయ్యేది జీతం కాదు, సంవత్సరాలు. హారిస్‌కి ఏడాదికి సగటున 2 కోట్ల 60 లక్షలు అంటే ఎక్కువే. ఒప్పుకుంటాను. కానీ 2026 వేసవికి ఆ కాంట్రాక్టు లేదు. ఆపైన అతను కాలు కదపలేకపోయినా మనకి పోయేదేమీ లేదు.

మావయ్య: అందరు ముసలివాళ్ళూ రెండేళ్ళకు ఒప్పుకోరు. అదే ఫిలడెల్ఫియా, హారిస్ కాంట్రాక్టు తీరిపోయి వచ్చిన ఖాళీతో, నిరుడు పాల్ జార్జ్‌ని తెచ్చింది. 34 ఏళ్ళు. నాలుగేళ్ళకు 21 కోట్ల 20 లక్షలు. ఏమైంది? 41 ఆటలు ఆడాడు. వాళ్ళ స్టార్ ఎంబీడ్ 19 ఆడాడు. జట్టు 24 గెలిచి 58 ఓడింది. ఇంకా మూడేళ్ళు మిగిలే ఉంది.

అల్లుడు: అదే కదా నేననేది! అదే వేసవి, ఒకే రకం ఖాళీ. ఒక జట్టు ఆఖరి ముక్క దొరికిందనుకుని పెద్ద పేరుకి నాలుగేళ్ళు రాసిచ్చింది. మన జట్టు చిన్న పేర్లకు ఒకటీ రెండేళ్ళు రాసిచ్చింది. సీనియర్ని తేవడం తప్పని ఆ కథ చెప్పదు. సీనియర్‌కి కుర్రాడి కాంట్రాక్టు ఇవ్వొద్దని చెబుతుంది.

మావయ్య: పోనీ అలాగే అనుకో. ఎవర్నీ తీసుకోకుండా ఉంటే నష్టమేంటి? ఖాళీ అలాగే ఉంచి, ఇంకో ఏడాది కింద ఉండి...

అల్లుడు: ఉండదు. మార్చి 31 లోపు ఖర్చు చేయని గ్రాంటు మురిగిపోయినట్టు ఇదీ మురిగిపోతుంది. వచ్చే ఏటికి మోసుకుపోలేం. పైగా మనకి ఆ ఖాళీ ఎందుకు వచ్చిందో చూడండి. 2021లో మొదటి పిక్కుగా వచ్చిన కేడ్ 2024-25 జీతం సుమారు కోటీ 39 లక్షలు. ఇప్పుడతనికి లీగు ఉత్తమ ఆటగాళ్ళ జాబితాలో, ఆల్-ఎన్‌బీఏ థర్డ్ టీమ్‌లో చోటొచ్చింది. దాంతో కొత్త కాంట్రాక్టు పరిమితిలో 30 శాతం నుంచి మొదలవుతుంది. 2025-26లో సుమారు 4 కోట్ల 64 లక్షలు. ఒక్క మనిషి మీదే 3 కోట్లకు పైగా పెరుగుతోంది. స్టార్ చవగ్గా ఉన్న ఆఖరి ఏడాది 2024-25. ఆ ఏడాది ఖాళీ వాడుకోకపోతే ఆ చవక కాస్తా వృథా అయ్యేది.

మావయ్య: కింద ఉంటే లాటరీలో మంచి పిక్కు వచ్చేది.

అల్లుడు: ఏ పిక్కు? 2022లో ఐదో పిక్కు. 2023లో లీగులోనే అందరికన్నా ఆఖరున ఉండి ఐదో పిక్కు. 2024లో మళ్ళీ ఆఖరున ఉండి మళ్ళీ ఐదో పిక్కు. అట్టడుగు మూడు జట్లకీ మొదటి పిక్కు అవకాశం సమానంగా 14 శాతమే. ఆఖరి స్థానంలో ఉన్నా ఐదు దాకా జారొచ్చు. రెండేళ్ళు వరసగా జారాం. ఇంకా ఎంత ఓడితే మీకు సరిపోతుంది?

ఈ మాటకి మావయ్య దగ్గర జవాబు లేదు. నా ఉద్దేశంలో ఎవరి దగ్గరా లేదు. ఓడి ఓడి పిక్కులు పోగేయమనేవాళ్ళు ఆ పిక్కులు తమకు తామే వచ్చి పడతాయన్నట్టు లెక్క చెబుతారు. డెట్రాయిట్ జనం మూడు వేసవులు ఆ లాటరీ చూశారు. ఓటమికి ఆటగాడు చెల్లించే ధర కూడా ఆ లెక్కలో ఉండదు. 21, 22 ఏళ్ళ కుర్రాళ్ళు రెండు నెలలు గెలుపు మొహం చూడకుండా రోజూ వెళ్ళి ఆడారు. మంచి ఆట చెడ్డ ఆట తేడా తెలియడానికి కూడా అప్పుడప్పుడు గెలవాలి. అయితే మావయ్య అక్కడితో వదల్లేదు, వదలకపోవడమే మంచిదైంది. ఇప్పటిదాకా అల్లుడు దాటేసిన విషయం ఒకటుంది.

మావయ్య: సరే, క్వెంటిన్ గ్రైమ్స్ సంగతి చెప్పు.

అల్లుడు: ...

మావయ్య: చెప్పవేం? హార్డవేని తేవడానికి ఎవర్నిచ్చారు? గ్రైమ్స్‌ని. 24 ఏళ్ళు. మన దగ్గర ఆడింది ఆరంటే ఆరు ఆటలు. డాలస్ ఫిబ్రవరిలో అతన్ని ఫిలడెల్ఫియాకి పంపింది. అక్కడ ఆటకు 20 పాయింట్లకు పైగా వేశాడు. మనం ఎవరి కోసం ఇచ్చాం? ఏడాది కోటీ 60 లక్షలకు, 32 ఏళ్ళవాడి కోసం. రేపు హార్డవే ఫ్రీ ఏజెంట్, వెళ్ళిపోవచ్చు. నువ్వు సీనియర్ల కాంట్రాక్టులు చిన్నవి కాబట్టి నష్టం లేదన్నావు. నష్టం కాంట్రాక్టులోనే ఉంటుందని ఎవరన్నారు? ఇచ్చేసిన కుర్రాడిలో ఉంటుంది.

అల్లుడు: ఆ ట్రేడ్‌లో మనకి మూడు సెకండ్ రౌండ్ పిక్కులు కూడా వచ్చాయి. డాలస్‌కి క్లే థామ్సన్ కోసం జీతం తగ్గించుకోవాల్సి ఉంది, మన ఖాళీ వాళ్ళకు అవసరమైంది. మీరు మెచ్చుకునే ఓక్లహామా పని అదే కదా.

మావయ్య: మూడు సెకండ్ రౌండ్ పిక్కులు కలిపినా ఒక గ్రైమ్స్ రాడు.

అల్లుడు: రాడు. అక్కడ మీ మాటే నిజం. క్యాప్ స్పేస్ ఉన్నప్పుడు డబ్బు మాత్రమే ఇచ్చి తీసుకోవాలి. కుర్రాణ్ణి కలిపి ఇస్తే, మీరన్నట్టు, అది ఖాళీ వాడుకోవడం కాదు. కానీ గ్రైమ్స్‌కి ఇక్కడ ఆడే నిమిషాలు దొరికేవా అని కూడా చూడాలి.

మావయ్య: నిమిషాల మాట నువ్వే తెచ్చావు. రాన్ హాలండ్ ఐదో పిక్కు. ఆటకు పదహారు నిమిషాలు కూడా సరిగ్గా ఆడలేదు. హారిస్, హార్డవే, బీస్లీ ఆ నిమిషాలు తినేశారు. కుర్రాడు బెంచీ మీద ఏం నేర్చుకుంటాడు?

అల్లుడు: ప్లేఆఫ్స్ ఎలా ఉంటాయో నేర్చుకున్నాడు. అది బెంచీ మీద కూర్చున్నా తెలుస్తుంది. ముందటేడు ఆ బెంచీ ఏప్రిల్‌లో ఇంటికి వెళ్ళిపోయింది.

మావయ్య: ప్లేఆఫ్స్‌లో ఓడాం.

అల్లుడు: ఎలా ఓడామో కూడా చెప్పండి. ఏప్రిల్ 21న న్యూయార్క్‌లో రెండో ఆట. అంతకు ముందు 2008 నుంచీ ప్లేఆఫ్స్‌లో వరసగా 15 ఓడాం, లీగు చరిత్రలోనే పెద్ద వరస. ఆ రోజు నిమిషం కూడా లేదు, స్కోరు సమానం. త్రీ వేసింది ఎవరు? డెనిస్ ష్రూడర్. అతను ఎలా వచ్చాడు? ఫిబ్రవరిలో జిమ్మీ బట్లర్ ఐదు జట్ల ట్రేడ్‌లో. ఆ నాటికి చేతిలో గట్టి ఖాళీ ఉన్న జట్టు మనది. వేసవిలో అంతా ఖర్చు పెట్టకుండా కొంచెం మిగిల్చుకున్నాం. ఇతరుల లెక్కలు కుదరడానికి మన ఖాళీ అవసరమైంది, అలా అతను మన చేతికొచ్చాడు. ఆ 15 ఓటముల వరస తెగింది ఒక సీనియర్ చేతి మీదుగా, క్యాప్ స్పేస్ వల్ల.

మావయ్య: నాలుగో ఆట?

అల్లుడు: 94-93. ఆఖరి క్షణం. కేడ్ వేసింది పడలేదు, బంతి జారి జారి మూలన నిలబడ్డ హార్డవే చేతికొచ్చింది. అతను త్రీ వేస్తుంటే న్యూయార్క్ ఆటగాడు జాష్ హార్ట్ వచ్చి మీద పడ్డాడు. విజిల్ లేదు. ఆట అయ్యాక రిఫరీల పెద్దే ఫౌల్ ఇవ్వాల్సింది అన్నాడు. ఇచ్చి ఉంటే మూడు ఫ్రీ త్రోలు. సొంత ఊళ్ళో మూడూ ఓడాం, మావయ్యా: 118-116, 94-93, 116-113. మూడూ కలిపి ఆరు పాయింట్లు. ఆ మూలన అప్పుడు హార్డవే బదులు 2023 నాటి కుర్రాళ్ళలో ఒకడుంటే అసలు ఆ త్రీ వేసేవాడేనా?

మావయ్య: ఆరు పాయింట్లు. (కాసేపు ఊరుకుని) ఆ ఆరో ఆట రాత్రి నేను నిద్రపోలేదు. న్యూయార్క్ బ్రన్సన్ మనల్ని ఓడించిన ఆ త్రీ వేసినప్పుడు నాలుగు సెకన్లు మిగిలాయి. పదిహేడేళ్ళలో ఒక ఓటమికి బాధ పడ్డానంటే అదే మొదటిసారి. మిగతావాటికి బాధ కూడా రాలేదు.

అల్లుడు: మరి?

మావయ్య: మరి అంటే, నిరుడు పని బాగా జరిగింది. ఒప్పుకుంటాను. ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను, విను. నీ చిన్న కాంట్రాక్టుల పొగడ్తలో నువ్వు చూడనిది. బీస్లీకి ఒక ఏడాదే ఇచ్చారు. జట్టులో మూడేళ్ళుంటే, పరిమితి దాటైనా అతన్ని ఉంచుకునే పూర్తి బర్డ్ హక్కు, రెండేళ్ళుంటే కొంత. ఒక్క ఏడాదే ఉన్నవాడికి, పరిమితి దాటి ఇవ్వాలంటే పాత జీతం మీద 20 శాతమే పెంచగలరు. 60 లక్షల మీద 72 లక్షలు. 319 త్రీలు వేసినవాడు 72 లక్షలకు ఉంటాడా? ఎక్కువ ఇవ్వాలంటే మళ్ళీ క్యాప్ స్పేస్ కావాలి, లేదా పరిమితి దాటిన జట్టుకుండే ఏదో ఒక ఎక్సెప్షన్ (మినహాయింపు) వాడేయాలి. కేడ్ జీతం 4 కోట్ల 64 లక్షలకు పెరిగాక ఖాళీ ఎక్కడిది? నువ్వు రిస్కు లేదని చిన్న కాంట్రాక్టు ఇస్తావు. అతను బాగా ఆడకపోతే నీకు మంచిదే. బాగా ఆడితే చేయి జారిపోతాడు. అంటే ఏటా వేసవికి కొత్తగా మొదలు.

అల్లుడు: అది నిజమే. ఆ చిక్కుంది. కానీ గోర్డన్, స్మిత్‌ల చిక్కు ఐదేళ్ళు ఉంటుంది, ఇది ఒక వేసవి ఉంటుంది. పైగా పరిమితి కూడా పెరుగుతోంది, వచ్చే ఏటికి 10 శాతం. షూటర్ చేయి జారితే ఇంకో షూటర్ని వెతకొచ్చు. ఇప్పుడు మన దగ్గరికి రావడానికి సీనియర్లు ఒప్పుకుంటారు, అదే పెద్ద మార్పు. 14 గెలుపుల జట్టు పిలిస్తే ఎవరొస్తారు? హారిస్‌కి అంత ఎక్కువ ఇవ్వాల్సి వచ్చింది కూడా అందుకే. ఆ ఎక్కువ ఇచ్చింది మొదటివాణ్ణి రప్పించడానికి.

మావయ్య: అయితే ఈ వేసవికి నా షరతులు విను. ఫస్ట్ రౌండ్ పిక్కు కదలకూడదు.

అల్లుడు: ఒప్పుకున్నాను.

మావయ్య: 25 లోపు కుర్రాణ్ణి ఎవర్నీ కలిపి ఇవ్వకూడదు. గ్రైమ్స్ ఒక్కడు చాలు.

అల్లుడు: అదీ ఒప్పుకున్నాను. గ్రైమ్స్ విషయంలో మీ మాట కాదనలేను.

మావయ్య: 30 దాటినవాడికి రెండేళ్ళు. అంతే.

అల్లుడు: మూడో ఏడాది ఇవ్వాల్సి వస్తే? ఎక్సెప్షన్‌తో బేరమాడేటప్పుడు డబ్బు ఎక్కువ ఇవ్వలేం, సంవత్సరమే ఇవ్వగలం. ఓక్లహామా హార్టెన్‌స్టైన్‌కి మూడో ఏడాది ఇచ్చింది, కానీ ఆ ఏడాది ఉంచాలా వద్దా అనే ఆప్షన్ జట్టు చేతిలో పెట్టుకుంది. అలా అయితే?

మావయ్య: ఆప్షన్ జట్టు చేతిలో ఉంటే సరే. పాల్ జార్జ్ నాలుగో ఏడాది చూడు, అది అతని ఇష్టం. అలా అయితే నేను ఒప్పుకోను.

అల్లుడు: మంచి ఆటగాడు అడిగేది అదే కదా, మావయ్యా. తన చేతిలో పెట్టమనే అడుగుతాడు.

మావయ్య: అడిగితే న్యూయార్క్ పొమ్మను. ఆ డబ్బుతో ఇంకో షూటర్ని చూడమని లాంగ్డన్‌కి చెప్పు.